కంటికి కనబడని అణువుకు కంప్యూటరు బొమ్మ

ఈ నెల గోడపత్రికలో సైన్స్ పేజీ నా వంతుకు వచ్చింది. వ్యాసం కొంచెం పెద్దది అయ్యింది. ఒక్కసారే చదవలేకపోతే అన్నానికి పోయేటప్పుడు సగం, తిని వచ్చేటప్పుడు సగం చదవండి.

ముందు ఒక ప్రశ్న. రక్తం ఎర్రగా ఎందుకు ఉంటుంది? హిమోగ్లోబిన్ వల్ల అని ఆరో తరగతి చెల్లి కూడా చెప్తుంది. సరే, ఆ హిమోగ్లోబిన్ అణువు ఎట్లా ఉంటది? గుండ్రంగానా? పొడుగ్గానా? దాన్ని కంటితో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎవరూ లేరు. కానీ కంప్యూటరు తెర మీద దాని బొమ్మ కనిపిస్తుంది. మౌస్ పట్టుకుని తిప్పితే తిరుగుతుంది కూడా. మరి చూడని దానికి బొమ్మ ఎట్లా వచ్చింది? అది నిజమేనా, లేక ఎవరో ఊహించి వేసిందా? దీని గురించే నేను రాస్తున్నాను.

ఇది మనకెందుకు అని అడుగుతారేమో. మనకే ఎక్కువ కావాలి. సికిల్ సెల్ జబ్బు మన గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా ఉంది. ఆ జబ్బు మొదలయ్యేది ఈ హిమోగ్లోబిన్ అణువులోనే. ఆ బొమ్మ అర్థమైతే జబ్బు గురించి మనకున్న భయాలు చాలావరకు పోతాయి.

అణువు ఎంత చిన్నది?

పరమాణువులు కలిస్తే అణువు అవుతుందని తొమ్మిదో తరగతిలో చదువుకుంటున్నాం. నీటి అణువులో మూడే పరమాణువులు ఉంటాయి. హిమోగ్లోబిన్ అణువులో తొమ్మిది వేలకు పైగా ఉంటాయి. అన్ని ఉన్నా దాని అడ్డం కొలత సుమారు 6 నానోమీటర్లే. నానోమీటరు అంటే ఎంత? మీ స్కేలు మీద ఒక మిల్లీమీటరు చూడండి. అందులో 10 లక్షల నానోమీటర్లు ఉంటాయి. అంటే ఆ ఒక్క మిల్లీమీటరులో హిమోగ్లోబిన్ అణువులను పక్కపక్కన పేరిస్తే లక్షన్నరకు పైగా పడతాయి. ఒక్క ఎర్ర రక్తకణంలో ఇవి సుమారు 27 కోట్లు ఉంటాయి.

మైక్రోస్కోపులో ఎందుకు కనబడదు?

సైన్స్ ల్యాబ్‌లో ఉన్న మైక్రోస్కోపుతో ఎర్ర రక్తకణం కనిపిస్తుంది. 1910లో అమెరికాలోని షికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టరు ఒక విద్యార్థి రక్తంలో కొడవలిలాగా వంగిన కణాలు ఉన్నాయని ప్రకటించాడు. ఇంగ్లీషులో కొడవలిని సికిల్ అంటారు. పేరు అట్లా వచ్చింది. కానీ కణం ఎందుకు వంగింది? అది కణం లోపలి సంగతి. లోపలి అణువు మైక్రోస్కోపుకు అందదు.

ఎందుకు అందదో చెరువుతో చెప్తా. చెరువులో అలలు వస్తున్నాయి అనుకోండి. నీళ్లలో పెద్ద బండ ఉంటే అల దానికి తగిలి విరుగుతుంది. ఆ విరిగిన అలను చూసి అక్కడ బండ ఉందని ఒడ్డు మీద నుండే చెప్పొచ్చు. అదే చోట ఒక సన్న గడ్డిపోచ ఉంటే? అల ఏమీ లేనట్టే దాటిపోతుంది. అలను ఎంతసేపు చూసినా గడ్డిపోచ సంగతి తెలియదు.

వెలుతురు కూడా అలే. మన కంటికి కనిపించే వెలుతురు అల పొడవు సుమారు 400 నుండి 700 నానోమీటర్లు. హిమోగ్లోబిన్ 6 నానోమీటర్లే. అందులోని ఒక్కొక్క పరమాణువు ఇంకా చిన్నది, సుమారు 0.1 నుండి 0.3 నానోమీటరు. ఆ వెలుతురుకు పరమాణువు గడ్డిపోచ కంటే అల్పం. అందుకే ఎంత మంచి భూతద్దం పెట్టినా లాభం లేదు. పరమాణువును పట్టాలంటే అల కూడా అంత చిన్నది కావాలి.

అటువంటి చిన్న అలలు ఎక్స్-రేలు. వాటి అల పొడవు పరమాణువు కొలతకు దగ్గరగా ఉంటుంది. 1912లో జర్మనీలో లావే అనే శాస్త్రవేత్త ఒక స్ఫటికం గుండా ఎక్స్-రేలు పంపితే అవతల ఫొటో ఫిల్ము మీద చుక్కలు పడతాయని చూపించాడు. స్ఫటికం అంటే కలకండ పలుకులాంటిది. దాంట్లో అణువులన్నీ వరసలు వరసలుగా ఒకే తీరుగా ఉంటాయి.

స్ఫటికమే ఎందుకు కావాలి? మన ప్రార్థన గుర్తుకు తెచ్చుకోండి. ఒక్క అమ్మాయి మెల్లగా పాడితే గేటు దాకా వినబడదు. అందరం వరసల్లో నిలబడి ఒకే పాట ఒకేసారి పాడితే ఊరి దాకా వినబడుతుంది. ఒక్క అణువుకు తగిలి చెదిరే ఎక్స్-రే చాలా బలహీనం. కోట్లకొద్దీ అణువులు ఒకే తీరుగా నిలబడితే ఆ చెదిరిన అలలు కలిసి చుక్కలుగా కనిపిస్తాయి.

చుక్కల నుండి ఆకారం

అయితే ఆ చుక్కలు అణువు బొమ్మ కాదు. మామూలు వెలుతురు అయితే చెదిరిన అలలను భూతద్దం మళ్లీ ఒకచోటికి చేర్చి బొమ్మ చేస్తుంది. పరమాణువులు కనబడేంత మంచి భూతద్దం ఎక్స్-రేలకు లేదు. కాబట్టి భూతద్దం చేయాల్సిన పనిని లెక్కతో చేయాలి. ఏ చుక్క ఎంత నల్లగా ఉందో కొలిచి, వేల అలలను లెక్కలో కలపాలి. చేత్తో చేస్తే తెమిలే లెక్క కాదు. కంప్యూటరు మొదట ఈ పనిలోకి వచ్చింది లెక్క కోసమే, బొమ్మ కోసం కాదు.

మాక్స్ పెరూట్జ్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1937లో హిమోగ్లోబిన్ మీద పని మొదలుపెట్టాడు. మొదటి ముతక ఆకారం తెలిసేసరికి 1959 వచ్చింది. ఇరవై రెండు సంవత్సరాలు! ఆయన తోటి శాస్త్రవేత్త జాన్ కెండ్రూ, మైయోగ్లోబిన్ అనే చిన్న అణువు మీద పనిచేశాడు. అది కండరాల్లో ఉంటుంది, హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటిది. ఇద్దరికీ కలిపి 1962లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

లెక్క అయ్యాక వచ్చేది ఒక పటం. సాంఘికశాస్త్రం పుస్తకంలో కొండను వంకర గీతలతో చూపిస్తారు గదా, గీతలు దగ్గర దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ ఉన్నట్టు. ఇది కూడా అటువంటిదే. ఇక్కడ కొండ బదులు ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్లు ఎక్కడ గుమిగూడి ఉన్నాయో అక్కడ గీతలు కొండ శిఖరం చుట్టూ ఉన్నట్టు ఒకదాని లోపల ఒకటి వస్తాయి. అక్కడ పరమాణువు ఉన్నట్టు. ఇట్లాంటి పటాలను పారదర్శకంగా ఉండే పలకల మీద గీసి ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్లు.

ఊచల అడవి

పటం వచ్చింది. ఇక ఆకారం చేతికి రావాలి. కెండ్రూ ఒక పెద్ద నమూనా కట్టించాడు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. అందులో సుమారు 2500 ఇనుప ఊచలు నిలబెట్టి, ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉన్నచోట రంగు రంగుల క్లిప్పులు పెట్టారు. ఆ క్లిప్పుల వెంట పరమాణువుల నమూనాను కట్టుకుంటూ పోయారు.

వెదురు పొదలో మేకపిల్ల దూరిందనుకోండి. చప్పుడు వినిపిస్తుంది కానీ ఏ వైపు నుండి చూసినా వెదురే అడ్డం వస్తుంది. ఊచల మధ్య అణువు సంగతి కూడా అంతే అయ్యింది. లోపలికి చెయ్యి పోదు. మొత్తాన్ని ఎత్తి తిప్పి చూడలేరు. వేరే ఊరి శాస్త్రవేత్తకు చూపించాలంటే ఆయనే అక్కడికి రావాలి.

కంప్యూటరు ఎట్లా తిప్పుతుంది?

ఈ బాధ తీర్చే పనిని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సైరస్ లెవింథాల్, ఆయన తోటివాళ్లు 1964 ప్రాంతంలో మొదలుపెట్టారు. కంప్యూటరు తెర మీద అణువును గీతలుగా గీసి, చేతి కింద ఉన్న ఒక గుండ్రటి పరికరాన్ని కదిలిస్తే బొమ్మ తిరిగేట్టు చేశారు. 1966లో ఈ సంగతిని సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశారు. తెర మీద గీతలే ఉన్నా, తిరుగుతుంటే చూసేవాళ్లకు లోతు తెలిసింది.

తిప్పడం పెద్ద మాయ కాదు. మన లెక్కల పుస్తకంలో నిరూపక జ్యామితి ఉంది గదా. అక్కడ ఒక బిందువుకు రెండు సంఖ్యలు, అడ్డం ఎంత, నిలువు ఎంత. అణువులో ప్రతి పరమాణువుకు మూడు సంఖ్యలు, అడ్డం, నిలువు, లోతు. కంప్యూటరు దగ్గర ఉండేది బొమ్మ కాదు, ఈ సంఖ్యల పట్టిక. ఏ పరమాణువు, దాని మూడు సంఖ్యలు. వేల వరసలు, అంతే.

మీరే ఒకసారి చేసి చూడండి. గ్రాఫు కాగితం మీద (3, 2) బిందువు పెట్టండి. దాన్ని మూలబిందువు చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిక్కుగా 90 డిగ్రీలు తిప్పితే ఎక్కడికి పోతుంది? (-2, 3) దగ్గరికి. సూత్రం ఏమిటంటే, రెండు సంఖ్యల చోట్లు మార్చి, ముందుకు వచ్చినదాని గుర్తు మార్చాలి. (5, 1) అయితే (-1, 5). ఒక ఇంటి బొమ్మ గీసి దాని మూలలన్నిటికీ ఇట్లా చేస్తే ఇల్లంతా తిరుగుతుంది. కంప్యూటరు ఇదే పనిని వేల పరమాణువులకు కన్ను మూసి తెరిచేలోపు ఎన్నోసార్లు చేస్తుంది. దగ్గరి పరమాణువు వెనకదాన్ని కప్పేట్టు, దూరంగా ఉన్నది మసకగా కనిపించేట్టు కూడా చేస్తుంది. అందుకే చదునైన తెర మీద మనకు లోతు ఉన్నట్టు అనిపిస్తుంది.

ఒకే అణువును చాలా రకాలుగా గీయవచ్చు. పుల్లలుగా గీస్తే ఏది దేనికి కలిసిందో తెలుస్తుంది. నిండు బంతులుగా గీస్తే అణువు పైన ఎక్కడ బొడిపె, ఎక్కడ గుంట ఉందో తెలుస్తుంది, కానీ లోపల కనబడదు. రిబ్బనులాగా గీస్తే గొలుసు ఎట్లా మెలి తిరిగిందో తెలుస్తుంది, కానీ పరమాణువులు కనబడవు. ఏ బొమ్మ అయినా ఒకటి చూపిస్తుంది, ఒకటి దాస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు మార్చి మార్చి చూస్తారు.

ఈ రిబ్బను బొమ్మలను అందరికీ అలవాటు చేసింది జేన్ రిచర్డ్‌సన్ అనే అమెరికా ఆమె. 1981లో అచ్చయిన ఆమె పెద్ద వ్యాసంలోని బొమ్మలు చేత్తో గీసినవే. తర్వాత కంప్యూటర్లకు ఆ తీరు నేర్పారు. అంటే ఒక ఆడమనిషి చేతి గీతను చూసి కంప్యూటరు నేర్చుకుంది. ఆమెకు పీహెచ్‌డీ డిగ్రీ లేదు. అయినా ఇవాళ ప్రపంచమంతా ఆ తీరులోనే ప్రోటీన్లను గీస్తున్నది.

మన దేశం వాళ్లు కూడా ఈ పనిలో ఉన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, తన తోటివాళ్లతో కలిసి, ప్రోటీను గొలుసు ఏ కోణంలో మెలి తిరగగలదు, ఏ కోణంలో తిరగలేదు అని లెక్క కట్టి 1963లో ఒక పటం ప్రకటించాడు. పరమాణువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోలేవు గదా. ఎక్కడ గుద్దుకుంటాయో అది కుదరని కోణం. ఎవరైనా కొత్త ప్రోటీన్ బొమ్మ తయారు చేస్తే అది సరిగ్గా ఉందా లేదా అని ఇప్పటికీ రామచంద్రన్ పటంతో సరిచూస్తారు.

సంఖ్యల పట్టికలను దాచడానికి 1971లో అమెరికాలో ప్రోటీన్ డేటా బ్యాంక్ పెట్టారు. మొదట్లో ఏడే అణువులు ఉండేవి. 2023 జనవరి నాటికి 2 లక్షలు దాటాయి. డబ్బు కట్టకుండా ఎవరైనా చూడవచ్చు. 1990ల మొదట్లో రాస్‌మోల్ అనే ప్రోగ్రాము వచ్చాక పెద్ద కంప్యూటరు లేకపోయినా మామూలు కంప్యూటరులో ఈ బొమ్మలు తిప్పడం కుదిరింది.

పూసల దండలో ఆరో పూస

ఇప్పుడు సికిల్ సెల్ సంగతికి వస్తాను.

హిమోగ్లోబిన్‌లో నాలుగు పూసల దండలు ఉన్నాయి అనుకోండి. రెండు ఆల్ఫా దండలు, ఒక్కోదానికి 141 పూసలు. రెండు బీటా దండలు, ఒక్కోదానికి 146 పూసలు. మొత్తం 574. పూస అంటే అమైనో ఆమ్లం. ఈ దండలు ఉండలు చుట్టుకుని ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒక్కొక్క దండలో ఒక ఇనుము పరమాణువు ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి కూర్చునేది దాని మీదే.

1949లో లైనస్ పాలింగ్, ఆయన తోటివాళ్లు సికిల్ సెల్ ఉన్నవారి హిమోగ్లోబిన్ మామూలుదాని కంటే వేరుగా ఉందని, దాని విద్యుదావేశంలో తేడా ఉందని చూపించారు. 1956లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఎక్కడ ఉందో కనిపెట్టాడు. బీటా దండలో ఆరో పూస దగ్గర గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది పోయి వాలీన్ ఉంది. 146 పూసల్లో ఒక్కటే మారింది. మిగతా 145 అవే. ఆల్ఫా దండల్లో ఏ తేడా లేదు.

ఒక్క పూస మారితే ఇంత జబ్బా? ఇక్కడే బొమ్మ పనికొచ్చింది. గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్లంటే ఇష్టం. వాలీన్ నూనె గుణం ఉన్నది, దానికి నీళ్లు పడవు. చారు మీద నూనె చుక్కలు ఒకదాన్ని ఒకటి వెతుక్కుని కలుస్తాయి చూశారా? వాలీన్ కూడా నీళ్ల నుండి తప్పించుకునే చోటు వెతుకుతుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను దించేసినప్పుడు దాని ఆకారం కొంచెం మారుతుంది. అప్పుడు పక్క అణువు బీటా దండ మీద 85వ పూస, 88వ పూస దగ్గర ఒక చిన్న గుంట వాలీన్‌కు సరిపోయేట్టు తయారవుతుంది. ఆ గుంట కూడా నూనె గుణం ఉన్నదే. ఈ అణువు వాలీన్ పోయి ఆ అణువు గుంటలో కూర్చుంటుంది, చొక్కా గుండీ కాజాలో దూరినట్టు. దాని వాలీన్ ఇంకోదాని గుంటలో. అట్లా అణువులు ఒకదానికొకటి తగులుకుని తాడులాగా పెరుగుతాయి. ఆ తాళ్లు లోపల నుండి పొడిస్తే ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది.

సికిల్ హిమోగ్లోబిన్ స్ఫటికాలను ఎక్స్-రేలతో చూసి అణువులు ఎట్లా అతుక్కున్నాయో 1970లలో తెలుసుకున్నారు. ప్రోటీన్ డేటా బ్యాంకులో 2హెచ్‌బీఎస్ అని కొడితే ఆ తర్వాత ఇంకా స్పష్టంగా కట్టిన బొమ్మ వస్తుంది. బంతుల బొమ్మ పెట్టి మెల్లగా తిప్పితే ఆ గుండీ, ఆ కాజా రెండూ కనబడతాయి.

బొమ్మ చెప్పిన నాలుగు మాటలు

ఒకటి. ఇది అంటుకునే జబ్బు కాదు. ఇందులో పురుగు లేదు, క్రిమి లేదు. ఉన్నది పుట్టుకతో వచ్చిన ఒక పూస తేడా. పక్కన పడుకుంటే, ఒకే పళ్లెంలో తింటే, ఒకే దుప్పటి కప్పుకుంటే పూస మారదు.

రెండు. ఇది ఎవరి తప్పూ కాదు. మా తమ్ముడికి ఈ జబ్బు ఉంది. నేను క్యారియర్‌ని. తమ్ముడికి కాళ్లూ చేతులూ నొప్పులు వచ్చినప్పుడు మొదట వడ్డె దగ్గరికి తీసుకుపోయారు. తర్వాత ఆసుపత్రిలో పరీక్ష చేసి పేరు చెప్పారు. పేరు తెలిసింది కానీ మా అమ్మకు దిగులు పోలేదు. "నా పాలల్ల ఏమన్న దోషముందా బిడ్డా?" అని నన్ను అడిగింది. అమ్మ బడికి పోలేదు. నేను తెల్ల పూసల దండ గుచ్చి ఆరో పూస ఎర్రది పెట్టి చూపించాను. ప్రతి మనిషికీ ఈ దండ గుచ్చే విధానం అమ్మ దగ్గర నుండి ఒకటి, నాన్న దగ్గర నుండి ఒకటి వస్తుంది. రెండూ ఎర్ర పూసవే వస్తే జబ్బు. ఒకటే వస్తే క్యారియర్. మా అమ్మా క్యారియరే, మా నాన్నా క్యారియరే. వాళ్లకూ వాళ్ల అమ్మానాన్నల నుండి వచ్చింది. ఎవరూ కావాలని గుచ్చలేదు. అమ్మ ఆ దండను చాలాసేపు చేతిలో పట్టుకుని, "గింతదానికా!" అన్నది. తర్వాత దాన్ని గోడకు మేకుకు తగిలించింది.

మూడు. సికిల్ సెల్ ఉన్నవాళ్లు సోమరులు కాదు. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అవతలికి రక్తం పోక విపరీతమైన నొప్పి వస్తుంది. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే, వంగే కణం 10 నుండి 20 రోజులే బతుకుతుంది. అందుకే రక్తం తక్కువై త్వరగా అలిసిపోతారు.

నాలుగు. నీళ్లు ఎందుకు తాగమంటారో బొమ్మ చెప్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే కణం లోపల అణువులు ఇంకా దగ్గర దగ్గరగా అవుతాయి. గుండీ, కాజా తొందరగా కలుస్తాయి. చలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, కణాలు ఇరుక్కోవడం ఎక్కువవుతుంది. క్యారియర్లకు మాత్రం కణంలో మామూలు హిమోగ్లోబిన్ సగం కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి తాళ్లు సులభంగా కట్టవు. వాళ్లు సాధారణంగా అందరిలాగే ఉంటారు.

మన దగ్గరే ఎక్కువ ఎందుకు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. అడవి ప్రాంతాల్లో మలేరియా ఎక్కువ. ఒక్క ఎర్ర పూస దండ ఉన్నవారికి, అంటే క్యారియర్లకు, ప్రాణం తీసే మలేరియా నుండి కొంత రక్షణ ఉంటుంది. ఆంథొనీ ఆలిసన్ అనే డాక్టరు ఆఫ్రికాలో పరిశీలించి 1954లో దీన్ని చూపించాడు. మలేరియా వేల ఏళ్లుగా మనుషులను చంపుతున్న చోట్ల క్యారియర్లు ఎక్కువగా బతికి పిల్లల్ని కన్నారు. అందుకే ఆ పూస అక్కడ నిలిచింది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. కాబట్టి ఇది మన జాతి లోపం కాదు. మన ముత్తాతలు చలిజ్వరాన్ని తట్టుకున్న గుర్తు. కానీ తల్లిదండ్రులు ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బు బిడ్డకు, రెండు వంతులు క్యారియర్‌కు, ఒక వంతు ఏమీ లేని బిడ్డకు ఉంటుంది. అందుకే పెళ్లికి ముందు ఇద్దరి పరీక్ష కాగితాలూ చూసుకోవాలని చెప్తారు.

బొమ్మను ఎంతవరకు నమ్మాలి?

ఇది చాలా ముఖ్యం. తెర మీది బొమ్మ ఫొటో కాదు. కొలిచిన దాని నుండి లెక్క కట్టిన బొమ్మ. కార్బన్‌కు బూడిద రంగు, ఆక్సిజన్‌కు ఎరుపు, నత్రజనికి నీలం, గంధకానికి పసుపు అని మనుషులు పెట్టుకున్న ఒప్పందం. పరమాణువుకు ఆ రంగులు ఉండవు. బొమ్మలో అణువు కదలకుండా నిలబడుతుంది. అసలు అణువు ఒక్క క్షణం కూడా ఊరుకోదు, వణుకుతూనే ఉంటుంది.

ఈ మధ్య ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాము స్ఫటికం లేకుండానే, పూసల వరస చెప్తే చాలు, దండ ఎట్లా చుట్టుకుంటుందో అంచనా కడుతుంది. దాన్ని తయారు చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రోటీన్లను తయారు చేసే దారి చూపిన డేవిడ్ బేకర్‌కు 2024లో నోబెల్ ఇచ్చారు. ఆల్ఫాఫోల్డ్ బొమ్మలో నమ్మకం ఎక్కువ ఉన్నచోట నీలం, తక్కువ ఉన్నచోట నారింజ రంగు వేస్తారు. తనకు ఎక్కడ సందేహం ఉందో అది రంగుతో చెప్తుంది. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది.

బొమ్మ బాగున్నంత మాత్రాన మందు పనిచేస్తుందని కాదు. హిమోగ్లోబిన్ ఆకారం చూసి, ఆక్సిజన్‌ను వదలకుండా పట్టి ఉంచి తాళ్లు కట్టకుండా చేయాలని వోక్సెలోటార్ అనే మందు తయారు చేశారు. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ తర్వాత చేసిన పరీక్షల్లో మేలు కంటే అపాయం ఎక్కువ ఉందని తేలి, 2024 సెప్టెంబరులో తయారు చేసిన కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంది. బొమ్మలో అణువు అందంగా అమరింది. ఒంట్లో అట్లా జరగలేదు. హైడ్రాక్సీయూరియా అనే పాత మందు మాత్రం డాక్టర్లు ఇప్పటికీ ఇస్తున్నారు. అది కడుపులో బిడ్డకు ఉండే రకం హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. ఆ రకం తాళ్లలో కలవదు. డాక్టరు చెప్పకుండా ఏ మందూ వేసుకోకూడదు, చెప్పిన మందు మానకూడదు.

కాబట్టి బొమ్మ చేసే పని ఏమిటి? ఎక్కడ వెతకాలో చెప్తుంది. అక్కడికి పోయి చూసి రావడం మనుషుల పని.

మనం చేయగలిగింది

మన దేశంలో 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని లక్ష్యం. పరీక్ష కార్డు ఉన్నవాళ్లు జాగ్రత్తగా దాచుకోండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇంట్లోవాళ్ల పరీక్ష కూడా చేయించండి.

వార్డెన్ మేడం గారికి, టీచర్లకు ఒక విన్నపం. సికిల్ సెల్ ఉన్న అక్కచెల్లెళ్లకు క్లాసులో కూడా నీళ్ల సీసా పెట్టుకోనివ్వండి. నీళ్లు ఎక్కువ తాగితే బయటికి పోవాల్సి వస్తుంది, అందుకు కూడా పంపండి. చలికాలం తెల్లవారుజామున వాళ్లకు చన్నీళ్ల స్నానం లేకుండా చూడండి. డ్రిల్లు పీరియడులో అలసిపోతే కూర్చోనివ్వండి. జ్వరం గానీ, ఛాతీ నొప్పి గానీ, తట్టుకోలేని ఒళ్లు నొప్పులు గానీ వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చెల్లెళ్లకు ఒక పని. ఈ పేజీ కింద దారానికి కట్టిన పూసల దండ ఉంది. 146 పూసలు లెక్కపెట్టి గుచ్చాను. ఆరో పూస ముట్టుకుని చూడండి. మిగతా 145 కూడా ముట్టుకుని చూడండి. అవి నా దండలోనూ, మీ దండలోనూ ఒక్కటే.

గ్రాఫు కాగితం మీద ఇంటి బొమ్మ తిప్పినవాళ్లు నాకు చూపించండి, మంచివి వచ్చే నెల ఇక్కడే అంటిస్తాం. అర్థం కానిచోట ప్రశ్న రాసి గోడపత్రిక డబ్బాలో వెయ్యండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని